ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు

యుద్ధ చరిత్ర రాసేవారి ముందుకు మొదట వచ్చే ఆధారాలు ప్రభుత్వ కాగితాలు. సేనాధిపతుల ఉత్తర్వులు, దళాల దినచర్య పుస్తకాలు, రైళ్ల రాకపోకల పట్టికలు, మృతుల జాబితాలు ఇవన్నీ ఆజ్ఞ జారీ చేసిన వైపు కూర్చుని రాసినవి కాబట్టి, ఆ ఆజ్ఞ ఎవరి మీద అమలైందో వారు వాటిలో అంకెలుగా తప్ప కనిపించరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీ జర్మనీ, దానికి తోడు నిలిచిన ప్రభుత్వాలు సుమారు 60 లక్షల మంది యూదులను చంపిన మారణకాండ, అంటే హోలోకాస్ట్, విషయంలో ఈ లోటు మరీ పెద్దది. ఓటమి ఖాయమని తెలిశాక హంతకులు దస్తావేజులను తగలబెట్టారు, ఆష్విట్జ్‌లోని విషవాయు గదులను తామే పేల్చేశారు, అంతకు ముందే ట్రెబ్లింకా వంటి హత్యా శిబిరాలను ఆనవాలు లేకుండా నేలమట్టం చేశారు. అందువల్ల ప్రాణాలతో బయటపడినవారి జ్ఞాపకాలు ఇక్కడ చరిత్రకు అలంకారంగా కాక మూలాధారంగానే నిలవవలసి వచ్చింది.

సైనికుల జ్ఞాపకాల సంగతి వేరు. సైనికుడు ఆజ్ఞ పాటించినవాడు, దెబ్బ తిన్నవాడు, కొన్ని చోట్ల హత్యలో చెయ్యి ఉన్నవాడు కూడా. పైగా తన దళం పరువు, తన దేశం చెప్పుకునే విజయగాథ అతని నోటికి ఎప్పుడూ అడ్డు నిలుస్తాయి. అయినా ఈ రెండు రకాల జ్ఞాపకాలనూ తూచడానికి పరిశోధకులు చాలాకాలం ఒకే తూకపురాయి వాడారు: సంఘటనకు దగ్గరగా చెప్పినది నమ్మదగినది, ఏళ్లు గడిచాక చెప్పినది కల్తీ అయినది. 80 ఏళ్లుగా పోగుపడిన సాక్ష్యాలను దగ్గరగా చూస్తే ఈ సూత్రం సగమే నిజమని తేలుతుంది. ఎంత కాలానికి చెప్పారన్న దానితో పాటు ఎవరి ముందు, ఏ అవసరం కోసం చెప్పారన్నది కూడా తెలిస్తేనే ఒక జ్ఞాపకం దేనికి సాక్ష్యమో నిర్ణయించడం సాధ్యమవుతుంది.

జరిగినదాన్ని జరుగుతుండగానే రాసిపెట్టాలన్న ప్రయత్నాలలో అత్యంత క్రమబద్ధమైనది వార్సా గెట్టోలో నడిచింది. గెట్టో అంటే యూదులను బలవంతంగా కుక్కి, చుట్టూ గోడ కట్టి, కాపలా పెట్టిన నగర భాగం. 1940 నవంబరులో మూసివేసిన వార్సా గెట్టోలో ఒక దశలో 4 లక్షల మందికి పైగా ఉన్నారు. ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు అక్కడ సుమారు 60 మందిని కూడగట్టి, ప్రతి శనివారం రహస్యంగా సమావేశమై, గెట్టో జీవితాన్ని నమోదు చేసే పని సాగించాడు. యూదులకు శనివారం విశ్రాంతి దినమైన సబ్బాతు కావడంతో ఆ బృందం సబ్బాతు ఆనందం అని అర్థమిచ్చే ఓనెగ్ షబ్బాత్ అన్న పేరు పెట్టుకుంది. ఒకే సంఘటనను పెద్దవారు, పిల్లలు, భక్తిపరులు, దేవుణ్ణి నమ్మనివారు ఎవరికి వారు చెప్పగా విడివిడిగా రాయించాలని రింగెల్‌బ్లూమ్ పట్టుబట్టాడు. ఒక్కరి కంటికి కనబడేది ఎంత తక్కువో అతనికి చరిత్రకారుడిగా తెలుసు.

ఆ బృందం ఏరి దాచినవాటిని చూస్తే దాని దూరదృష్టి అర్థమవుతుంది. డైరీలు, నివేదికలతో పాటు ట్రాము టికెట్లు, మిఠాయి చుట్టిన కాగితాలు, రేషను కార్డులు, కచేరీల ఆహ్వాన పత్రాలు, బడిపిల్లలు రాసిన వ్యాసాలు అన్నీ దానిలో చేరాయి. శిబిరాల నుంచి తప్పించుకుని గెట్టోకు చేరినవారి వాంగ్మూలాలు కూడా అక్కడే రాసుకున్నారు. ఆ బృంద సభ్యురాలు రాఖెల్ ఔఎర్‌బాఖ్ ట్రెబ్లింకా నుంచి పారిపోయి వచ్చిన ఒక వ్యక్తి చెప్పినదంతా, ఆ శిబిరం ఇంకా పనిచేస్తుండగానే, నమోదు చేసింది. 1942 జులై 22న గెట్టో నుంచి సామూహిక తరలింపులు మొదలై రెండు నెలల్లో రెండున్నర లక్షల మందికి పైగా ట్రెబ్లింకాకు రవాణా కావడంతో, ఆగస్టులో పది రేకు పెట్టెలను నొవోలిప్కి వీధిలోని ఒక బడి కింద పాతిపెట్టారు. 1943 ఫిబ్రవరిలో మరికొన్ని కాగితాలను రెండు పెద్ద పాల క్యానులలో పెట్టి అక్కడే పూడ్చారు.

రింగెల్‌బ్లూమ్ 1944 మార్చిలో భార్యాబిడ్డలతో సహా పట్టుబడి హత్యకు గురయ్యాడు. బృందంలో యుద్ధం ముగిసేనాటికి మిగిలినవారు ముగ్గురే; పాతిన చోటు ఎక్కడో వారిలో ఒకరికి తెలిసి ఉండకపోతే శిథిలాల మధ్య ఆ పెట్టెలు దొరికేవి కావు. 1946 సెప్టెంబరులో రేకు పెట్టెలు బయటపడ్డాయి గానీ, నీరు చొరబడి చాలా కాగితాలు ముద్దగా మారాయి. 1950 డిసెంబరులో భవన నిర్మాణ కూలీలకు దొరికిన పాల క్యానులలోని కాగితాలు మాత్రం బాగానే మిగిలాయి. మూడోసారి కూడా కొన్ని కాగితాలు పాతిపెట్టారు గానీ, అవి నేటికీ దొరకలేదు. 1999లో యునెస్కో ఈ భాండాగారాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఇంతకంటే భయంకరమైన చోట కూడా రాత సాగింది. ఆష్విట్జ్‌లో శవాలను దహించే పనికి బలవంతంగా నియమించిన యూదు ఖైదీల దళాన్ని సోండర్‌కమాండో అనేవారు. ఆ దళంలోని జల్మాన్ గ్రదోవ్‌స్కీ తాను చూసినదంతా రాసి దహనశాల ఆవరణలో పాతిపెట్టి, 1944 అక్టోబరు 7న ఆ దళం చేసిన తిరుగుబాటులో మరణించాడు. అదే దళంలోని మార్సెల్ నజారి అనే గ్రీకు యూదుడు రాసి పాతిన ఉత్తరం 1980లో దొరికినా, తడికి అక్షరాలు చెరిగిపోవడంతో, వేర్వేరు కాంతి తరంగాలలో ఫొటోలు తీసే పద్ధతి వచ్చాక గానీ చదవడం కుదరలేదు. నజారి మాత్రం బతికి బయటపడి 1971లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. తన ఉత్తరం దొరికిందన్న సంగతి అతనికి తెలిసే అవకాశమే లేకపోయింది.

యుద్ధం ముగిశాక బాధితులు రెండు దశాబ్దాలు నోరు విప్పలేదన్న మాట జనంలో బాగా పాతుకుపోయింది. వాస్తవం దీనికి చాలావరకు విరుద్ధం. పోలండ్‌లో ఫిలిప్ ఫ్రీడ్‌మన్ అనే చరిత్రకారుడి నాయకత్వంలో 1944లోనే, అంటే దేశంలో సగం ఇంకా జర్మన్ల చేతిలో ఉండగానే, యూదు చారిత్రక సంఘం ఏర్పడి ప్రశ్నావళులు తయారుచేసి, పిల్లల కోసం వేరే ప్రశ్నావళి కూడా రాసి, ఆ తర్వాతి కొన్నేళ్లలో సుమారు 7,000 వాంగ్మూలాలు సేకరించింది. బుడాపెస్ట్‌లో 1945లో ఒక సహాయ సంఘం శిబిరాల నుంచి తిరిగి వచ్చినవారితో మాట్లాడి దాదాపు 3,600 వాంగ్మూలాలు నమోదు చేసింది. చెప్పేవారు చెప్పారు; వినేవారే కరువయ్యారు. ఇద్దిష్, పోలిష్, హంగేరియన్ భాషల్లో ఉన్న ఆ కాగితాలను పశ్చిమ దేశాల విశ్వవిద్యాలయాలు పట్టించుకోవడానికి ఎంతో కాలం పట్టింది, ఈ ఆలస్యాన్ని బాధితుల మౌనంగా పేరు పెట్టి వారి మీదికే నెట్టడం న్యాయం కాదు.

ఆ తొలి సేకరణలలో విలక్షణమైనది డేవిడ్ బోడర్‌ది. లాత్వియాలో పుట్టి, మెక్సికో మీదుగా అమెరికా చేరి, షికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మనస్తత్వ శాస్త్రం బోధించిన బోడర్, 1946 వేసవిలో ఒక వైర్ రికార్డరు మోసుకుని ఐరోపా వెళ్లాడు. టేపు రికార్డరు ఇంకా వాడుకలోకి రాని ఆ రోజుల్లో ధ్వనిని తలవెంట్రుకంత సన్నని ఉక్కు తీగ మీద అయస్కాంత రూపంలో నిలిపే యంత్రమిది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, జర్మనీలలో నిరాశ్రయుల శిబిరాలకు, వసతి గృహాలకు తిరిగి, సుమారు 130 మందితో తొమ్మిది భాషల్లో మాట్లాడి, 200 తీగ చుట్టల మీద దాదాపు 90 గంటల సంభాషణను అతడు నమోదు చేశాడు.

ఆ సంభాషణలలో నేటి పాఠకుడిని మొదట ఆశ్చర్యపరిచేది, వాటికి ఏ మూసా లేకపోవడం. హోలోకాస్ట్ అన్న పేరు అప్పటికి ఈ అర్థంలో వాడుకలో లేదు, బతికి బయటపడడం అన్నది ఒక గౌరవప్రదమైన గుర్తింపుగా స్థిరపడలేదు, ఆష్విట్జ్ అనగానే కళ్లముందు నిలిచే సినిమా దృశ్యాలు పుట్టలేదు. చెప్పేవారిలో చాలామందికి రేపు ఏ దేశానికి వెళతారో, బంధువులలో ఎవరు మిగిలారో ఇంకా తెలియదు కాబట్టి, వారి కథకు ముగింపు ఉండదు. ఒక్కో చుట్ట అరగంట లోపే అయిపోవడం వల్ల ఎవరో తమ తల్లిని చివరిసారి చూసిన ఘట్టంలో ఉండగా యంత్రం ఆగిపోవడం, చుట్ట మార్చి మళ్లీ మొదలుపెట్టమనడం కూడా సహజమే. బోడర్ ప్రశ్నలలో అపనమ్మకం, అయోమయం, అప్పుడప్పుడు విసుగు దాగవు. శిక్షణ పొందిన నేటి సేకర్తలెవరూ అలా అడగరు, కానీ వినేవాడికే విషయం తెలియనప్పుడు చెప్పేవాడు ఎంత వివరంగా చెప్పవలసి వస్తుందో ఆ రికార్డులు చూపిస్తాయి. ఎంపిక చేసిన ఎనిమిది సంభాషణలతో అతడు 1949లో ప్రచురించిన పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1961లో బోడర్ మరణించాక ఆ రికార్డులు దశాబ్దాల పాటు పరిశోధకుల దృష్టికి దూరంగానే ఉండిపోయాయి.

ప్రీమో లేవీ అనుభవం కూడా ఇలాంటిదే. టురిన్ నగరానికి చెందిన ఈ యువ రసాయన శాస్త్రవేత్త 1944 ఫిబ్రవరిలో ఆష్విట్జ్‌కు చేరి, 174517 అన్న అంకెను చేతి మీద పొడిపించుకుని, మోనోవిట్జ్ అనే అనుబంధ శిబిరంలో పదకొండు నెలలు గడిపి బతికి వచ్చాడు. అతడు రాసిన తొలి రచన స్మృతి గ్రంథం కాదు. తోటి ఖైదీ అయిన వైద్యుడు లియొనార్దో దె బెనెదెత్తితో కలిసి ఆ శిబిరంలోని ఆరోగ్య పరిస్థితుల మీద రాసిన నివేదిక, అది 1946లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత రాసిన స్మృతి గ్రంథాన్ని ఇటలీలో పేరున్న ప్రచురణ సంస్థ తిరస్కరించగా, 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు వేసింది. అవి కూడా అన్నీ అమ్ముడుపోలేదు. మొదట కాదన్న సంస్థే 1958లో దాన్ని తిరిగి ప్రచురించాక గానీ లేవీ ప్రపంచానికి తెలియలేదు. మరణానికి ఏడాది ముందు, 1986లో, ప్రచురించిన చివరి గ్రంథంలో లేవీ జ్ఞాపకం మీదే విచారణ జరిపాడు: పదే పదే చెప్పిన జ్ఞాపకం గట్టిపడి, అసలు అనుభవం స్థానంలో తానే కూర్చుంటుందని హెచ్చరించాడు. శిబిరం అట్టడుగును చూసినవారు తిరిగి రాలేదని, తిరిగి వచ్చినవారు ఏదో ఒక వెసులుబాటు దొరికిన మినహాయింపులేనని కూడా అతడు నిర్మొహమాటంగా రాశాడు. సాక్షులలో ఇంత కఠినంగా తనను తాను ప్రశ్నించుకున్నవారు అరుదు.

జ్ఞాపకం పెద్ద ఎత్తున న్యాయస్థానంలోకి వచ్చింది 1961లో. అంతకు ముందు 1945–46 నాటి న్యూరెంబర్గ్ విచారణలో అభియోక్తలు ప్రధానంగా జర్మన్ల పత్రాలనే ఆధారంగా తీసుకున్నారు. యూదుల తరలింపులను నిర్వహించిన అడాల్ఫ్ ఐఖ్‌మన్‌ను జెరూసలేంలో విచారించినప్పుడు అభియోక్త గిడియన్ హౌస్నర్ నూరుమందికి పైగా సాక్షులను బోనెక్కించాడు. వారిలో చాలామంది ఐఖ్‌మన్‌ను కళ్లతో చూసినవారు కూడా కాదు. న్యాయశాస్త్రం దృష్టితో ఇది అభ్యంతరకరమే. కానీ రేడియోలో ఆ సాక్ష్యాలు విన్న ఇజ్రాయెల్ సమాజానికి, తమ పక్కింట్లో ఉంటున్న మనిషి ఏం అనుభవించి వచ్చాడో మొదటిసారి తెలిసింది. సాక్షుల ఎంపికలో సాయపడినవారిలో వార్సా గెట్టో నుంచి బయటపడిన రాఖెల్ ఔఎర్‌బాఖ్ ఒకరు.

మరో న్యాయస్థానం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన వైఖరి తీసుకుంది. పోలండ్‌లోని స్టారహోవిత్సే పట్టణంలో ఉక్కు, ఆయుధ కర్మాగారాల కోసం నాజీలు బానిస కూలీల శిబిరాలు నడిపారు. 1942 అక్టోబరు 27న అక్కడి వియెజ్బ్నిక్ గెట్టోను ఖాళీ చేయించి, పనికి పనికొస్తారనుకున్న సుమారు 1,600 మందిని ఆ శిబిరాలకు, మిగిలిన దాదాపు 4,000 మందిని ట్రెబ్లింకాకు పంపారు. ఆ రోజు బజారులో జనాన్ని కొట్టి, కాల్చినవారిలో జర్మన్ పోలీసు అధికారి వాల్టర్ బెకర్ ఉన్నాడని ఎందరో సాక్షులు చెప్పినా, 1972లో హాంబర్గ్ న్యాయస్థానం అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. సాక్షుల కథనాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని, మనిషి చెప్పే సాక్ష్యం ఆధారాలన్నింటిలో బలహీనమైనదని న్యాయమూర్తి భావించాడు. ఆ తీర్పు చదివి ఆగ్రహించిన అమెరికన్ చరిత్రకారుడు క్రిస్టఫర్ బ్రౌనింగ్, అదే శిబిరాల గురించి 1945 నుంచి 2008 వరకు నమోదైన 292 వాంగ్మూలాలను పక్కపక్కన పెట్టి పరిశీలించి 2010లో ఒక గ్రంథం ప్రచురించాడు.

బ్రౌనింగ్ తేల్చినవాటిలో మొదటిది న్యాయమూర్తికి అనుకూలంగా కనిపిస్తుంది. 1944 జులై చివర స్టారహోవిత్సే ఖైదీలను రైల్లో ఆష్విట్జ్–బిర్కెనావ్‌కు తరలించినప్పుడు, స్టేషను వేదిక మీద మెంగెలె అనే వైద్యాధికారి తమను వరసలో నిలబెట్టి ఎడమకూ కుడికీ ఏరాడని చాలామంది చెప్పారు. నిజానికి ఆ రైలు అలాంటి ఎంపిక లేకుండానే శిబిరంలోకి ప్రవేశించిందని ఇతర ఆధారాలను బట్టి తేలుతుంది. తరువాతి కాలంలో పుస్తకాలు, సినిమాలు, ఇతరుల కథలు ఆష్విట్జ్ అంటే మెంగెలె అన్న సమీకరణాన్ని ఎంత గట్టిగా స్థాపించాయంటే, తమ కళ్లతో చూడనిదాన్ని కూడా చూసినట్టే గుర్తుపెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. ఇక్కడ తొలి వాంగ్మూలాలే మలివాటికంటే నమ్మదగినవి.

రెండోది ఇందుకు ఎదురు తిరుగుతుంది. అదే రైలులో, ఒక పెట్టెలో, శిబిరంలో అధికారం వెలగబెట్టి తోటివారిని పీడించిన కొందరు ఖైదీలను ఇతర ఖైదీలే చంపేశారు. ఈ సంగతి తొలినాటి వాంగ్మూలాలలో దాదాపుగా కనిపించదు. బతికినవారందరికీ తెలిసినా, బయటివారికి చెప్పకూడదన్న కట్టుబాటు వారి మధ్య దశాబ్దాల పాటు నిలిచింది. సంబంధించిన కుటుంబాలవారు ఒకే సంఘంలో, ఒకే పెళ్లిళ్లలో ఎదురుపడుతూ ఉన్నంత కాలం ఆ మాట ఎవరి నోటి నుంచీ వచ్చేది కాదు. వృద్ధులై, చాలామంది పోయాక, 1980లు, 90లలో అది క్రమంగా వాంగ్మూలాలకెక్కింది. ఈ సందర్భంలో ఆలస్యంగా వచ్చిన జ్ఞాపకమే నిజానికి దగ్గరగా ఉంది. న్యాయమూర్తి అడగని ప్రశ్న ఇదే: పొసగనివాటిలో ఏది మరపు వల్ల పొసగలేదు, ఏది మొహమాటం వల్ల, ఏది భయం వల్ల? 292 గొంతులను ఒకదానితో ఒకటి సరిచూసే ఓపిక ఉంటే ఈ తేడా పట్టుకోవచ్చని బ్రౌనింగ్ నిరూపించాడు. అయితే బెకర్‌కు శిక్ష వేయించడానికి ఆ గ్రంథం చాలా ఆలస్యంగా వచ్చింది.

తప్పు జ్ఞాపకానికి కూడా విలువ ఉంటుందన్న వాదానికి తరచు ఉదహరించే సాక్ష్యం ఒకటుంది. 1979లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో మొదలై తర్వాత యేల్ విశ్వవిద్యాలయానికి చేరిన వీడియో సేకరణలో, ఆష్విట్జ్ నుంచి బయటపడిన ఒక స్త్రీ 1944 అక్టోబరు తిరుగుబాటును వర్ణిస్తూ నాలుగు పొగగొట్టాలు మంటల్లో పేలిపోయాయని చెప్పింది. నిజానికి ధ్వంసమైనది ఒక్క దహనశాల మాత్రమే. ఆ తేడా చూపి ఆమె సాక్ష్యం చెల్లదని కొందరు చరిత్రకారులు అంటే, సేకరణ స్థాపకులలో ఒకరైన మనోవైద్యుడు డోరి లౌబ్ ఒప్పుకోలేదు; ఆష్విట్జ్‌లో యూదులు ఆయుధం పట్టడమన్న ఊహకందని ఘటన జరిగిందన్నదానికి ఆమె సాక్షి అని, పొగగొట్టాల లెక్కకు కాదని అతని వాదన. ఆకర్షణీయమైన వాదనే గానీ దీన్ని మితిమీరి వాడితే ప్రమాదం ఉంది. 1995లో బిన్యమిన్ విల్కొమిర్స్కి అన్న పేరుతో ఒక వ్యక్తి తాను పసితనంలో శిబిరాలలో గడిపినట్టు రాసిన పుస్తకం బహుమతులు గెలుచుకున్నాక, 1998లో ఒక పాత్రికేయుడు, ఆ తర్వాత ఒక చరిత్రకారుడు రికార్డులు తవ్వి, ఆ రచయిత స్విట్జర్లాండ్‌లోనే పుట్టి పెరిగినవాడని నిరూపించారు. భావం నిజమైతే చాలు, వివరం ఎలా ఉన్నా ఫరవాలేదన్న ధోరణి హోలోకాస్ట్ జరగనే లేదని వాదించేవారి చేతికి ఆయుధం అందిస్తుంది.

సైనికుల వైపు వస్తే, వినేవారు ఎవరన్న ప్రశ్న మరింత పదునెక్కుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ రణరంగానికి వెళ్లిన భారతీయ సిపాయిల ఉత్తరాలను బ్రిటిష్ సెన్సారు అధికారులు తెరిచి, అనువదించి, భాగాలను నకలు తీసుకున్నారు. ఆ నకళ్లే నేడు మనకు మిగిలిన ముఖ్య ఆధారం. చాలామంది సిపాయిలకు రాత రాదు కాబట్టి ఉత్తరం ముందు రాసిపెట్టేవాడి చెవిన, తర్వాత దళం అధికారి కంట, ఆపైన సెన్సారు బల్ల మీద పడి, చివరకు ఊళ్లో చదివిపెట్టేవాడి నోట వెలువడేది. ఇంతమంది ముందు ఎవరు మనసు విప్పుతారు? అందుకే భారతీయ సిపాయిలను నల్ల మిరియాలు, తెల్లవారిని ఎర్ర మిరపకాయలు అని సంకేతించి, ఏవి ఎంత ఖర్చయ్యాయో ఇంటివారికి తెలియజేసేవారు. సెన్సారు అధికారులకు ఆ సంకేతాలు అర్థం కాకపోలేదు. వారు వాటిని వివరంగా తమ నివేదికలలో చేర్చడం వల్లనే మనకూ తెలిశాయి.

అదే యుద్ధంలో జర్మన్లకు చిక్కిన భారతీయ ఖైదీలను బెర్లిన్ సమీపాన వున్స్‌డార్ఫ్‌లోని అర్ధచంద్ర శిబిరంలో ఉంచినప్పుడు, జర్మన్ భాషా శాస్త్రజ్ఞులు వారి గొంతులను రికార్డు చేశారు. వారికి కావలసింది యుద్ధ కథలు కాదు, ఉచ్చారణల నమూనాలు. అయినా 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి రికార్డింగు గొట్టం ముందు నిలబడి, తన గురించి తానే ఎవరో పరాయి మనిషి కథ చెప్పినట్టు ప్రథమ పురుషలో, సొంత ఊరి తిండి మీది బెంగనూ ఇంటికి చేరాలన్న ఆరాటాన్నీ చెప్పాడు. భాషా నమూనా కోసం తీసిన ఆ కొద్దిపాటి రికార్డు నేడు బెర్లిన్‌లోని హుంబోల్ట్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది.

తాము వినబడుతున్నామని తెలియనప్పుడు సైనికులు ఏం మాట్లాడతారన్నదానికి ఇంతకంటే విస్తారమైన ఆధారం రెండో యుద్ధం నుంచి వచ్చింది. లండన్ ఉత్తర శివారులోని ట్రెంట్ పార్క్ భవనంలో, మరి రెండు చోట్ల, బ్రిటిష్ గూఢచార విభాగం జర్మన్ యుద్ధ ఖైదీలను సౌకర్యంగా ఉంచి, గదుల్లో మైకులు దాచి, 10,000 మందికి పైగా సైనికుల సంభాషణలను చాటుగా విన్నది. చెవులకు పరికరం తగిలించుకుని కూర్చున్నవారిలో జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు శరణార్థులు చాలామంది. తమవారిని సామూహికంగా కాల్చి చంపిన తీరును ఆ కాల్పులు చూసినవారి నోటనే వినవలసి వచ్చిన ఉద్యోగమది. వినేవారికి ముఖ్యమనిపించిన మాట వచ్చినప్పుడే రికార్డు తిప్పేవారు కాబట్టి, ఇక్కడా ఏది మిగలాలో నిర్ణయించినది వినేవారే. యుద్ధానంతరం బీరువాల్లో ఉండిపోయిన ఆ వేలాది పుటలను 2001లో జర్మన్ చరిత్రకారుడు జోన్కె నైట్జెల్ వెలికితీశాడు.

ఆ పుటలలో జనరల్ డీట్రిష్ ఫాన్ ఖోల్టిట్జ్ మాట ఒకటుంది. 1944 ఆగస్టు 25న పారిస్‌ను మిత్ర సేనలకు అప్పగించి ఖైదీ అయిన కొద్ది రోజులకే ట్రెంట్ పార్క్‌లో మాట్లాడుతూ, యూదులను అంతమొందించే ఆజ్ఞను తాను అమలుపరిచానని, తన జీవితంలో అంతకంటే కష్టమైన పని లేదని అతడు తోటి అధికారితో అన్నాడు. అదే మనిషి 1950ల ఆరంభంలో ప్రచురించిన స్మృతులలో, హిట్లర్ ఆజ్ఞను ధిక్కరించి పారిస్‌ను కాపాడినవాడిగా దర్శనమిస్తాడు. గుడెరియన్, మాన్‌స్టైన్ వంటి సేనానులు కూడా ఆ దశాబ్దంలోనే తమ స్మృతులు వెలువరించి, నేరాలన్నీ హిట్లర్‌వీ, అతని ప్రత్యేక దళాలవీనని, సైన్యం చేతులు శుభ్రంగా ఉన్నాయని లోకాన్ని నమ్మించారు. ఈ నమ్మకం ఎంత బలంగా నిలిచిందంటే, 1995లో హాంబర్గ్ నుంచి బయలుదేరిన ఒక సంచార ప్రదర్శన సైన్యం నేరాలను ఫొటోలతో చూపినప్పుడు జర్మన్ నగరాల్లో నిరసన ఊరేగింపులు జరిగాయి.

విజేతల వైపు జ్ఞాపకాలకు ఈ జబ్బు లేదనుకుంటే పొరపాటు. మొదటి యుద్ధంలో పోరాడిన ఆస్ట్రేలియా వృద్ధ సైనికులతో 1980లలో మాట్లాడిన చరిత్రకారుడు అలిస్టర్ థామ్సన్, కొందరు 1981లో వచ్చిన గల్లిపొలి చలనచిత్రంలోని దృశ్యాలను తమ అనుభవాలుగా చెప్పడం గమనించాడు. సోవియట్ సైన్యంలో పనిచేసిన స్త్రీలతో మాట్లాడి 1985లో పుస్తకం వెలువరించిన స్వెత్లానా అలెక్సియేవిచ్‌కు మరో రకం అడ్డంకి ఎదురైంది: భర్త ఇంట్లో ఉంటే భార్య ఏ తేదీన ఏ నగరం స్వాధీనమైందో చెప్పేది, ఎందుకంటే ముందు రాత్రే అతడు ఆమెకు యుద్ధ చరిత్ర వల్లెవేయించి ఉండేవాడు; భర్త లేనప్పుడు మగవారి కొలతతో కుట్టిన లోదుస్తుల గురించి, నెత్తురు వాసన గురించి, కోసేసిన జడ గురించి మాట్లాడేది. సెన్సారు కొట్టేసిన భాగాలను రచయిత్రి తర్వాతి ముద్రణలలో చేర్చింది. 2015లో ఆమెకు సాహిత్యంలో నోబెల్ బహుమతి లభించింది.

తెలుగువారికీ రెండో ప్రపంచ యుద్ధంతో సంబంధం లేకపోలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబు దాడులు మొదలయ్యాక బర్మా విడిచి కొండలు, అడవుల గుండా భారతదేశానికి నడిచివచ్చిన లక్షల మందిలో రేవులలో, మిల్లులలో పనిచేసిన తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్కడ కోరంగీలని పిలిచే ఆ కూలీల బాట చరిత్రను ఇప్పుడు రాయాలంటే తొలి తరం నోటి నుంచి వినే అవకాశం దాదాపు దాటిపోయింది. వారి పిల్లలు, మనవలు విన్న మాటలతోనే సరిపెట్టుకోవాలి.

ఇందుకు భిన్నంగా హోలోకాస్ట్ సాక్ష్యాల సేకరణ ఒక భారీ వ్యవస్థగా ఎదిగింది. సినీ దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1994లో స్థాపించిన షోవా ఫౌండేషన్ కొద్ది ఏళ్లలోనే 56 దేశాల్లో, 32 భాషల్లో 50,000కు పైగా వీడియో వాంగ్మూలాలు సేకరించి, ఏ నిమిషంలో ఏ ఊరు, ఏ విషయం ప్రస్తావనకు వచ్చిందో వెతికి పట్టుకునేలా సూచిక తయారుచేసింది. యుద్ధానికి ముందు జీవితం, యుద్ధం, ఆ తర్వాతి జీవితం అన్న వరసలో ప్రశ్నలు సాగి, చివర్లో కుటుంబ సభ్యులు కెమెరా ముందుకు వచ్చి సాక్షి పక్కన కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. యేల్ సేకరణ ఈ పద్ధతిని అనుసరించకుండా, సాక్షి ఎటు మళ్లితే అటు వెళ్లనిచ్చింది. ఆ వీడియోలను వందలకొద్దీ చూసిన విమర్శకుడు లారెన్స్ లాంగర్, ప్రేక్షకులకు ఊరట కలిగించే ముగింపు కోసం సాక్షులను తోయడం తప్పని, చాలామందికి ఆ అనుభవం నుంచి గెలుపు గానీ విముక్తి గానీ ఏమీ మిగలలేదని 1991లోనే వాదించాడు. ఈ విషయంలో లాంగర్ మాటే సబబుగా తోస్తుంది, సూచిక వల్ల పరిశోధకులకు కలిగిన మేలు కాదనలేనిదే అయినా.

2024 ఆరంభంలో ఒక అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద జీవించి ఉన్న హోలోకాస్ట్ బాధితులు సుమారు 2,45,000 మంది. వారిలో అధిక సంఖ్యాకులు ఆనాడు పసిపిల్లలు. సాక్షులు లేని కాలానికి సన్నద్ధమవుతూ షోవా ఫౌండేషన్, పింఖాస్ గట్టర్ అనే సాక్షిని 2014లో అనేక కెమెరాల మధ్య కూర్చోబెట్టి, వందలాది ప్రశ్నలకు విడివిడిగా సమాధానాలు చెప్పించి, సందర్శకులు ప్రశ్న అడిగితే తగిన ముక్కను కంప్యూటరు ఏరి వినిపించే ఏర్పాటు చేసింది. బడిపిల్లలు ఆ బొమ్మతో ఉత్సాహంగా మాట్లాడతారు. కానీ జవాబులు ముక్కలు కావడంతో సాక్షి తనంతట తాను ఏ వరసలో చెప్పేవాడో, ఏది దాటవేసేవాడో, ఎక్కడ ఆగేవాడో దానిలో నిలవదు. రికార్డింగు రోజున ఎవరికీ తట్టని ప్రశ్న ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఆ విషయం గురించి చెప్పలేనని ముందే రికార్డు చేసి ఉంచిన జవాబే వస్తుంది.